ల్యాబ్‌లో గెలిచిన బ్యాటరీ స్కూటర్‌లోకి ఎందుకు రాదు? ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెరీర్ లెక్కలు

హైదరాబాద్ దినపత్రికల సిటీ పేజీల్లో రెండు రకాల వార్తలు తరచూ కనిపిస్తాయి. ఒకటి, ఫలానా యూనివర్సిటీ ప్రొఫెసర్ బృందం నిమిషాల్లో ఛార్జ్ అయ్యే బ్యాటరీ పదార్థాన్ని తయారుచేసిందని. రెండోది ఏటా సెప్టెంబరు ప్రాంతంలో వస్తుంది: ఫలానా ప్రొఫెసర్‌కు ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు దక్కిందని. ఒక్కోసారి రెండు వార్తలూ ఒకే మనిషి గురించే. చదివినవాళ్లకు వచ్చే అనుమానం మాత్రం ఒకటే. అంత గొప్ప పదార్థం దొరికితే నా స్కూటర్ ఇంకా గంటల తరబడి ప్లగ్‌కు వేలాడుతోందేం?

వాట్సాప్ గ్రూపుల్లో దీనికి రెండు జవాబులు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. ప్రొఫెసర్లవన్నీ కాగితం మీద కబుర్లేనని ఒకటి. పెద్ద కంపెనీలు తొక్కిపెట్టాయని ఇంకొకటి. రెండూ చెప్పడానికి తేలిక, నమ్మడానికి ఇంకా తేలిక. అసలు సంగతేమిటంటే, ఆ వార్తలోని ప్రొఫెసర్ ఉద్యోగం బ్యాటరీలు తయారుచేయడం కాదు. బ్యాటరీలోకి వెళ్లే ఒక పొడిని తయారుచేసి, అదెందుకలా ప్రవర్తిస్తోందో తేల్చడం ఆయన పని. ఆ ఉద్యోగానికి ఒక గడియారం ఉంది: ఐదేళ్ల పీహెచ్‌డీ, రెండు మూడేళ్ల గ్రాంటు, ప్రమోషన్ ఇంటర్వ్యూ. స్కూటర్ బ్యాటరీ గడియారం వేరు. ఈ రెండూ కలవని చోటే గందరగోళమంతా పుడుతుంది.

పొడి, సెల్, ప్యాక్: వార్తల్లో మూడూ ‘బ్యాటరీ’యే

ఫోన్‌లోనూ స్కూటర్‌లోనూ ఉండే లిథియం అయాన్ సెల్‌లో నాలుగు ముఖ్యమైన భాగాలు. అల్యూమినియం రేకు మీద పూసిన క్యాథోడ్, రాగి రేకు మీద పూసిన ఆనోడ్, ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర, అన్నింటినీ తడిపి ఉంచే ఎలక్ట్రోలైట్ ద్రవం. ఆ ప్లాస్టిక్ పొరను సెపరేటర్ అంటారు. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు క్యాథోడ్‌ను వదిలి ఆనోడ్‌లో చేరతాయి. బండి నడుపుతున్నప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. ఎలక్ట్రాన్లకు లోపల దారి లేదు కాబట్టి అవి బయట వైరు గుండా మోటారును తిప్పుతూ వెళ్తాయి. కరెంటు అంటే అదే.

క్యాథోడ్‌కూ ఆనోడ్‌కూ వాడే పొడులనే ఎనర్జీ స్టోరేజ్ మెటీరియల్స్ అంటున్నాం. వీటిని అన్నింటికన్నా ముందు కొలిచేది కెపాసిటీతో: ఒక గ్రాము పొడి ఎన్ని మిల్లీ ఆంపియర్ అవర్ల ఛార్జ్ దాచుకోగలదు అని. ఆనోడ్‌లో మామూలుగా వాడే గ్రాఫైట్‌ది లెక్క ప్రకారం 372. సిలికాన్‌ది 3,500 పైన. అంటే దాదాపు పదింతలు. ‘పదింతల బ్యాటరీ’ అనే హెడ్డింగులు పుట్టేది ఇక్కడే. కానీ సిలికాన్ నిండా లిథియం చేరితే మూడింతలకు పైగా ఉబ్బుతుంది, ఖాళీ అయితే ముడుచుకుంటుంది. అలా నాలుగుసార్లు జరిగేసరికి పూత బీటలు వారి రేకు నుంచి ఊడిపోతుంది. పైగా ఆనోడ్ ఒక్కటే పదింతలైతే సెల్ పదింతలు కాదు. క్యాథోడ్, రేకులు, ద్రవం బరువులు అలాగే ఉంటాయి కదా.

పొడి ఒక స్థాయి, దాన్ని పెట్టి చేసిన సెల్ రెండో స్థాయి, వందల సెల్స్‌ను కలిపి కట్టి, వేడిని కనిపెట్టే సర్క్యూట్ జోడించిన ప్యాక్ మూడో స్థాయి. ప్రొఫెసర్ మాట్లాడేది మొదటి దాని గురించి. మనం కొనేది మూడోదాన్ని.

ఎమ్మెస్సీ నుంచి ప్రొఫెసర్ కుర్చీ దాకా

ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. 23 ఏళ్లకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చింది. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)గా 42,000 రూపాయలు, దానిమీద హెచ్ఆర్ఏ. ఈ ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లు. థీసిస్ ఆరో ఏట చేతికి వస్తే ఆ చివరి ఏడాది ఎలా గడిచిందో ఆమెకూ ఇంట్లోవాళ్లకూ తెలుస్తుంది.

తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. కొరియా, జర్మనీ, అమెరికా, ఎక్కడ దొరికితే అక్కడ. రెండు మూడేళ్లు అక్కడ నాలుగు మంచి పేపర్లు రాస్తేనే ఇక్కడ ఇంటర్వ్యూకు పిలుపు. అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరేసరికి వయసు 32, 33. యూజీసీ స్కేల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది, ప్రొఫెసర్‌ది 1,44,200 దగ్గర. ఐఐటీల్లో మొదలే కొంచెం పైన ఉంటుంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గేటు దాటితే ఐటీ ఆఫీసులే. డిగ్రీలో పక్క బెంచీలో కూర్చున్న క్లాస్‌మేట్ ఆ ఆఫీసుల్లో ఒకదాంట్లో అప్పటికే పదేళ్ల సర్వీసు పూర్తిచేసి ఉంటాడు. బంధువుల పెళ్లిళ్లలో ఈ పోలిక ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు.

ఉద్యోగంలో చేరగానే ఇచ్చేది చాలా చోట్ల ఒక ఖాళీ గది. దాన్ని ల్యాబ్‌గా మార్చడానికి గ్రాంటు తెచ్చుకోవాలి. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ కొత్తగా చేరినవాళ్లకు రెండేళ్లకు 30 లక్షల దాకా ఇచ్చేది. 2024 నుంచి సెర్బ్ పోయి దాని పనులన్నీ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిశాయి. 30 లక్షలంటే పెద్ద మొత్తమే అనిపిస్తుంది. లిథియంకు గాల్లోని తేమ పడదు కాబట్టి సెల్‌ను ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లో బిగించాలి. లోపల తేమ పది లక్షల్లో ఒక భాగం కన్నా తక్కువ ఉండాలి. ఆ పెట్టె ఒక్కటే గ్రాంటులో పెద్ద ముక్క మింగేస్తుంది. మిగిలిన దాంట్లో ఫర్నేస్, వ్యాక్యూమ్ ఓవెన్, సెల్స్‌ను పరీక్షించే సైక్లర్ రావాలి. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, టెండరు, పర్చేజ్ కమిటీ, దిగుమతి కాగితాలు అయ్యేసరికి రెండేళ్లలో మొదటిది గడిచిపోతుంది. ఈలోగా క్లాసులు, ఇంటర్నల్స్, పేపర్ దిద్దుళ్లు, అడ్మిషన్ కమిటీలు ఎలాగూ ఉన్నాయి.

పేపర్ దోశ మీద కొలిచి ఊతప్పం ధర చెప్పడం

ఇప్పుడు ల్యాబ్‌లోకి వెళ్దాం. పొడిని కార్బన్‌తోనూ జిగురులా పనిచేసే బైండర్‌తోనూ కలిపి, ద్రావకం పోసి నూరితే చిక్కటి స్లర్రీ వస్తుంది. దాన్ని రేకు మీద బ్లేడుతో పరిచి, ఆరబెట్టి, చిన్న గుండ్రటి బిళ్లలుగా కత్తిరిస్తారు. వాటిని వాచీలో వేసే బటన్ బ్యాటరీ లాంటి కాయిన్ సెల్‌లో పెట్టి బిగిస్తారు. అడ్డంగా 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. ప్రపంచంలో బ్యాటరీ పదార్థాల మీద వచ్చే రీసెర్చ్ పేపర్లలో ఎక్కువ భాగం ఈ బుల్లి సెల్స్ మీదే నడుస్తాయి.

పూత ఎంత మందం అన్నదే ఇక్కడ కీలకం. పేపర్ దోశంత పల్చగా పరిస్తే అయాన్లు ఒక్క ఉదుటున అడుగుదాకా వెళ్లి వస్తాయి. కెపాసిటీ బాగా కనిపిస్తుంది, ఛార్జింగ్ నిమిషాల్లో అవుతుంది. ఫ్యాక్టరీ సెల్‌లో కావలసింది ఊతప్పం మందం. ఎందుకో లెక్క చూడండి.

ల్యాబ్ పూతలో చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీగ్రాము పొడి ఉందనుకుందాం. దాని కింద 15 మైక్రాన్ల అల్యూమినియం రేకు బరువు అదే చదరపు సెంటీమీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములు. అవతలి వైపు 10 మైక్రాన్ల రాగి రేకు సుమారు 9. అంటే 1 మిల్లీగ్రాము సరుకు కోసం 13 మిల్లీగ్రాముల లోహం మోస్తున్నాం. మొత్తంలో పనిచేసే క్యాథోడ్ పొడి వాటా 7 శాతం. ఆనోడ్ పొడి, ద్రవం, పైడబ్బా ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు. అదే పూత 20 మిల్లీగ్రాములు వేస్తే వాటా 60 శాతానికి వస్తుంది. ఫ్యాక్టరీల్లో రేకుకు రెండువైపులా పూస్తారు కాబట్టి ఇంకా మెరుగవుతుంది.

మరి ల్యాబ్‌లోనూ మందంగానే పూయవచ్చు కదా? పూయవచ్చు. కానీ ఆరేటప్పుడు పూత పగులుతుంది. అయాన్లు నానుతూ లోపలికి పోయే సమయం దూరంతో సమానంగా పెరగదు, దూరం వర్గంతో పెరుగుతుంది. మందం పదింతలైతే సమయం ఇంచుమించు వందింతలు. పల్చటి పూతలో 5 నిమిషాల్లో అయిన ఛార్జింగ్ మందపాటి దాంట్లో పూటంతా పట్టవచ్చు. హెడ్డింగులోని ‘5 నిమిషాలు’ అబద్ధం కాదు, ఆ బిళ్లకు మాత్రమే నిజం. పూత బరువెంతో రీసెర్చ్ పేపర్‌లోని ప్రయోగ వివరాల్లో రాసే ఉంటుంది. యూనివర్సిటీ ప్రెస్ నోట్‌లోకి వచ్చేసరికి ఆ లైను మాయమవుతుంది. ఇందులో నాకైతే ప్రొఫెసర్ కన్నా ప్రెస్ నోట్ రాసినవాళ్ల తప్పే ఎక్కువ కనిపిస్తుంది. మూల పేపర్ తెరిచి చూడని మా లాంటి రాతగాళ్లదీ కొంత ఉంది.

500 సైకిళ్లకు ఎన్ని రోజులు పడుతుంది

ఒకసారి నింపి, ఒకసారి ఖాళీ చేస్తే ఒక సైకిల్. ఎంత వేగంగా అన్నదాన్ని సీ-రేటుతో చెబుతారు. 1సీ అంటే గంటలో నింపడం. సీ బై 10 అంటే పది గంటల్లో నింపడం.

1సీ వేగంతో ఒక సైకిల్‌కు నింపడం గంట, ఖాళీ చేయడం గంట, మొత్తం 2 గంటలు. 500 సైకిళ్లకు 1,000 గంటలు, అంటే 42 రోజులు. సీ బై 10 వేగంతో సైకిల్‌కు 20 గంటలు. 500 సైకిళ్లకు 10,000 గంటలు. సుమారు 417 రోజులు, 14 నెలల లెక్క.

సైక్లర్‌లో ఒక్కో సెల్‌కు ఒక్కో ఛానల్ కావాలి. 8 ఛానళ్ల మెషీన్ ఉందనుకోండి. ఫలితం నమ్మదగ్గదిగా ఉండాలంటే ప్రతి శాంపిల్‌కూ కనీసం మూడు సెల్స్ వేయాలి. అంటే ఒకేసారి రెండు శాంపిళ్లు పడతాయి, రెండు ఛానళ్లు మిగులుతాయి. నలుగురు స్కాలర్లున్న ల్యాబ్‌లో రోజూ వినిపించే మాట ‘ఛానల్ ఖాళీ ఉందా?’ అన్నదే. రెండేళ్ల గ్రాంటులో మొదటి ఏడాది కొనుగోళ్లకే పోయినచోట, 14 నెలలు రెండు శాంపిళ్ల కోసం మెషీన్‌ను వదిలేసే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందుకే ఎక్కువమంది 1సీ లేదా అంతకన్నా వేగంతో నడిపి, 42 రోజుల్లో 500 సైకిళ్లు పూర్తిచేసి పేపర్ పంపుతారు.

దీనివల్ల దాగిపోయేది ఒకటుంది. బ్యాటరీ వాడకపోయినా వయసు మీదపడుతుంది. లోపలి రసాయనాలు నెమ్మదిగా ద్రవంతో చర్య జరుపుతూనే ఉంటాయి. దీన్ని క్యాలెండర్ ఏజింగ్ అంటారు. స్కూటర్‌లో 500 సైకిళ్లంటే రెండు మూడేళ్ల జీవితం. 42 రోజుల పరీక్షలో ఆ రెండు మూడేళ్ల వయసు కనబడదు. పైగా ల్యాబ్ పరీక్ష మామూలుగా 25 డిగ్రీల దగ్గర జరుగుతుంది. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 దాటుతుంది, తారు రోడ్డు మీద నిలబెట్టిన బండి సీటు కింద ఇంకా ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ ఈ చర్యలన్నీ వేగం అందుకుంటాయి.

99.9 శాతం వస్తే ఎందుకు చాలదు

ఇంకో లెక్క ఉంది. నాకు అన్నింటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

ఛార్జ్ చేసినప్పుడు లోపలికి పంపిన దాంట్లో ఎంత తిరిగి వచ్చిందో చెప్పేది కూలంబిక్ ఎఫిషియెన్సీ. పేపర్లలోని గ్రాఫుల్లో ఇది 100 దగ్గర గీత గీసినట్టు ఉంటుంది, కింద ‘99.9 శాతం’ అని రాసి ఉంటుంది. చూడ్డానికి ఫస్ట్ క్లాస్. ఇప్పుడు సైకిల్‌కు వెయ్యిలో ఒక వంతు లిథియం శాశ్వతంగా పోతోందనుకుని 500 సైకిళ్లకు చక్రవడ్డీలా లెక్కవేయండి. చివరికి మిగిలేది 61 శాతం. అదే 99 శాతమైతే మిగిలేది 1 శాతం కూడా లేదు. 99.99 శాతమైతే 95 మిగులుతుంది. బ్యాటరీ జీవితం ముగిసిందని మామూలుగా చెప్పేది కెపాసిటీ 80 శాతానికి పడిపోయినప్పుడు. 500 సైకిళ్ల తర్వాత 80 మిగలాలంటే ప్రతి సైకిల్‌కూ కనీసం 99.955 రావాలి.

మరి 99.9 చూపించిన పేపర్‌లో కెపాసిటీ ఎందుకు పడిపోలేదు? అక్కడ పరీక్షించింది హాఫ్ సెల్ కాబట్టి. కొత్త పదార్థాన్ని ఒకవైపు పెట్టి, రెండోవైపు లిథియం లోహపు బిళ్ల పెడతారు. ఆ బిళ్లలో అవసరానికి ఎన్నో రెట్లు లిథియం ఉంటుంది. పోయినంతా అక్కడినుంచి భర్తీ అవుతుంది, నష్టం బయటపడదు. పదార్థాన్ని విడిగా అర్థం చేసుకోవడానికి ఇది సరైన పద్ధతే. ప్రొఫెసర్లు దాన్ని వాడటంలో తప్పేమీ లేదు. రెండువైపులా అసలు పదార్థాలే ఉండే ఫుల్ సెల్‌లో మాత్రం అలాంటి గోదాము ఉండదు. ఉన్న లిథియం అంతా క్యాథోడ్‌లో వచ్చిందే, పోతే పోయినట్టే.

టాప్ 2 శాతం అంటే అవార్డు కాదు

ప్రొఫెసర్ పనిని ఎలా కొలుస్తారు అన్నది తెలిస్తే పై ధోరణి ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత ప్రతిపాదించారు. ఒకరి ఆరు పేపర్లను ఇతరులు 40, 25, 12, 6, 5, 2 సార్లు ఉదహరించారనుకోండి. కనీసం ఐదుసార్లు ఉదహరించబడినవి ఐదు ఉన్నాయి కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. ఇంకొకరు జీవితంలో మూడే పేపర్లు రాశారు. ఒకదానికి 4,000 ఉదహరింపులు, మిగతా రెండింటికీ పదేసి. ఆయన హెచ్-ఇండెక్స్ 3. ఎవరి పని ప్రపంచాన్ని మార్చిందో ఈ అంకె చెప్పదు.

టాప్ 2 శాతం జాబితా దీనికన్నా మెరుగైంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం ఎల్సెవియర్ ప్రచురణ సంస్థకు చెందిన స్కోపస్ డేటాబేస్ సమాచారంతో 2019 నుంచి దీన్ని విడుదల చేస్తోంది. పలు కొలతలు కలిపి, సొంత పేపర్లను తామే ఉదహరించుకున్న లెక్కను విడిగా చూపించి, ఒక్కో ఉపవిభాగంలో విడివిడిగా ర్యాంకు ఇస్తారు. కెరీర్ మొత్తానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఇంకొకటి. మన వార్తల్లో ఏది ఏదో చెప్పరు, ‘స్టాన్‌ఫర్డ్ గుర్తింపు’ అని శాలువా ఫొటో వేసేస్తారు. అది ఎవరో ఎంపికచేసి ఇచ్చిన పురస్కారం కాదు, డేటాబేస్ నుంచి తీసిన వరస. ఆ వరసలో ఉండటం చిన్న విషయం కాదు. కానీ అది చెప్పేది తోటి పరిశోధకులు ఎంతగా చదివి వాడుకున్నారని. స్కూటర్‌లో ఎంత దూరం వెళ్లిందని కాదు.

పేపర్‌ను ప్రచురణకు ముందు పరిశీలించే రివ్యూవర్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఇందులో కొత్తేముంది?’ అని. ఉన్న పదార్థాన్నే మందంగా పూసి 14 నెలలు నడిపిన పనికి ఈ ప్రశ్న దగ్గర మార్కులు తక్కువ. కొత్త పొడికి ఎక్కువ. ప్రొఫెసర్ ప్రమోషనూ స్కాలర్ థీసిసూ రెండూ పేపర్ల మీదే ఆధారపడినప్పుడు ఎవరు ఏది ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు.

ఒక పొడి ప్రయాణం: 1997 నుంచి ఇప్పటిదాకా

ఇలా చెప్పుకుంటూ పోతే యూనివర్సిటీ పనంతా వృథా అనిపించే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు ఎల్ఎఫ్‌పీ కథ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చాలా విద్యుత్ వాహనాల్లో ఉన్నది ఇదే.

1997లో టెక్సస్ యూనివర్సిటీలో జాన్ గుడెనఫ్ ల్యాబ్‌ నుంచి దీని మీద పేపర్ వచ్చింది. రాసింది ముగ్గురు: పాధి, నంజుండస్వామి, గుడెనఫ్. మొదటి ఇద్దరూ భారతీయులే. ఆ పేపర్‌లో ఫలితం హెడ్డింగులకు ఎక్కేది కాదు. పదార్థంలో ఉన్న లిథియంలో సుమారు 60 శాతమే బయటకు తీయగలిగారు, అదీ చాలా తక్కువ కరెంటుతో. పొడికి విద్యుత్ వాహకత బాగా తక్కువ. తర్వాత ఇతరులు రేణువులను చిన్నవి చేసి, వాటికి కార్బన్ పూత పూసి ఆ లోపం సరిదిద్దారు. పేటెంట్ల మీద ఏళ్లతరబడి కోర్టు కేసులు నడిచాయి. చైనా ఫ్యాక్టరీలు ధర దించాయి. 2024 నాటికి ప్రపంచంలో విద్యుత్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం ఎల్ఎఫ్‌పీవే. పేపర్ నుంచి ఇక్కడికి 27 ఏళ్లు.

అంతకుముందు కథా ఇలాంటిదే. గుడెనఫ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా 1980లో కోబాల్ట్ ఆక్సైడ్ క్యాథోడ్ తెచ్చారు. ఆక్స్‌ఫర్డ్ దానికి పేటెంట్ తీసుకోవడానికి ఆసక్తి చూపలేదు. సోనీ 1991లో అమ్మకానికి పెట్టిన తొలి లిథియం అయాన్ బ్యాటరీ క్యాథోడ్ అదే. ఆక్స్‌ఫర్డ్‌లో రిటైర్మెంట్ వయసు దగ్గరపడుతుంటే 1986లో ఆయన టెక్సస్‌కు వెళ్లిపోయారు. ఎల్ఎఫ్‌పీ పేపర్ వచ్చేనాటికి ఆయనకు 74 ఏళ్లు. మన సెంట్రల్ యూనివర్సిటీల్లో రిటైర్మెంట్ 65కి. 97 ఏళ్ల వయసులో 2019లో నోబెల్ వచ్చినప్పుడు ఆయన తరఫున ఉపన్యాసం ఇచ్చింది తమిళనాడులో పుట్టి ఐఐటీ మద్రాస్‌లో పీహెచ్‌డీ చేసిన అరుముగం మంథిరామ్.

అంశం ఎంచుకోవడంలో జూదం కూడా ఉంది. 2022 చివర్లో బ్యాటరీల ముడిసరుకు లిథియం కార్బనేట్ ధర చైనాలో రికార్డు స్థాయికి చేరింది. అప్పుడు లిథియం బదులు సోడియం వాడే సోడియం అయాన్ బ్యాటరీల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టడం చాలా తెలివైన నిర్ణయం. సోడియం ఉప్పులోనే దొరుకుతుంది, రెండువైపులా చవకైన అల్యూమినియం రేకే సరిపోతుంది. 2024కల్లా లిథియం ధర ఆ శిఖరం నుంచి ఆరో వంతుకు జారింది. సోడియం పని వృథా కాలేదు, చైనా కంపెనీలు దాన్ని వదల్లేదు. కానీ గ్రాంటు దరఖాస్తులో ‘లిథియం ఖరీదు’ అని రాసిన మొదటి పేరా మాత్రం తిరగరాసుకోవాల్సి వచ్చింది.

1 మిల్లీగ్రాము నుంచి 6 కిలోలకు: మధ్యలో ఎవరున్నారు

12 మిల్లీమీటర్ల బిళ్ల మీద ఆ పల్చటి పూత వేస్తే పట్టే పొడి సుమారు 1.1 మిల్లీగ్రాములు. ఇప్పుడు 3 యూనిట్ల, అంటే 3,000 వాట్ అవర్ల స్కూటర్ ప్యాక్ తీసుకోండి. ఎల్ఎఫ్‌పీ గ్రాముకు ఆచరణలో 150 మిల్లీ ఆంపియర్ అవర్లు, 3.2 వోల్టులు అనుకుంటే గ్రాముకు 0.48 వాట్ అవర్. 3,000ను దాంతో భాగిస్తే 6,250 గ్రాములు. ఒక్క స్కూటర్‌కే ఆరు కిలోల పైచిలుకు పొడి, అంటే ల్యాబ్ బిళ్లకు 55 లక్షల రెట్లు. ప్రతి గ్రామూ ఒకేలా ఉండాలి, వరసగా వేల స్కూటర్లకు.

ఈ దూరాన్ని కొలవడానికి టీఆర్ఎల్ (టెక్నాలజీ రెడీనెస్ లెవెల్) అనే తొమ్మిది మెట్ల కొలత ఉంది, నాసా మొదలుపెట్టింది. ఒకటి అంటే సూత్రం తెలిసింది, తొమ్మిది అంటే వాడకంలో నిరూపణ అయింది. కాయిన్ సెల్ పేపర్ మామూలుగా రెండు, మూడు మెట్ల దగ్గర ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ మెట్లు ఊరు చుట్టూ చెదిరి ఉన్నాయి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీ కింది మెట్ల మీద పనిచేస్తూ, దానితోపాటు పాఠాలు చెప్పాలి. తార్నాకలోని ఐఐసీటీ కేంద్ర ప్రభుత్వ సీఎస్ఐఆర్ ల్యాబ్, అక్కడ సైంటిస్టులకు యూనివర్సిటీలోలా క్లాసుల భారం ఉండదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ మధ్య మెట్ల కోసం పెట్టిన సంస్థ. కిలోల లెక్కన పొడి చేయడం, పైలట్ స్థాయిలో సెల్స్ బిగించడం అక్కడి పని. ఎల్ఎఫ్‌పీ తయారీ పద్ధతిని అది నగరానికే చెందిన ఆల్ట్‌మిన్ అనే కంపెనీకి ఇచ్చింది. పై మెట్టున మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా గిగా ఫ్యాక్టరీ. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరినప్పుడు చెప్పిన లెక్క పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ల సెల్ సామర్థ్యం.

ప్రొఫెసర్ ఎక్కడిదాకా రావాలి: మూడు వాదనలు

పన్ను కట్టేవాడి డబ్బుతో నడిచే ల్యాబ్ నుంచి వస్తువు రావాలి అన్నది మొదటి వాదన. ఇది తీసిపారేసేది కాదు. ఒకే పొడిని కొద్దికొద్దిగా మార్చి నాలుగు పేపర్లు చేయడం ఈ రంగంలో ఉంది. కనీసం పూత మందం, ఫుల్ సెల్ ఫలితం, ద్రవం ఎంత పోశారన్న లెక్క తప్పనిసరిగా చెప్పాలని పరిశోధకుల్లోనే చాలామంది ఏళ్లుగా అడుగుతున్నారు. కొన్ని జర్నళ్లు ఇప్పుడు ఆ వివరాలకు చెక్‌లిస్టు పెడుతున్నాయి.

రెండో వాదన ప్రొఫెసర్లది. మా పని కొత్త దారి ఉందో లేదో చూడటం, దాన్ని చూడగలిగే మనుషుల్ని తయారుచేయడం. ఫ్యాక్టరీ సమస్యలు ఫ్యాక్టరీయే తీర్చుకోవాలి అంటారు. భారత్ పరిశోధన మీద పెట్టే మొత్తం జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు రంగం వాటా మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. చైనాలో, కొరియాలో ఈ వాటా నాలుగింట మూడొంతులకు పైనే. కంపెనీలు చేయాల్సిన మధ్య మెట్ల పనిని ఐదుగురు స్కాలర్లున్న ల్యాబ్ నుంచి ఆశించడం అన్యాయం అనే మాటలో బలం ఉంది. సెల్ ఎందుకు చచ్చిపోయిందో ఎక్స్-రే గ్రాఫ్ చూసి చెప్పగల కుర్రాడు దివిటిపల్లిలో ఉద్యోగంలో చేరితే, ఆ ఫలితం ప్రొఫెసర్ హెచ్-ఇండెక్స్‌లో ఎక్కడా కనిపించదు.

మూడోది, ప్రొఫెసరే స్టార్టప్ పెట్టాలి అన్నది. ఐఐటీలు దీనికి దారి ఇచ్చాయి. వచ్చిన చిక్కల్లా స్కాలర్ థీసిస్ పని ఎక్కడ ఆగి కంపెనీ పని ఎక్కడ మొదలవుతుందన్న గీత. కంపెనీ రహస్యంగా ఉంచాలనుకున్న ఫలితాన్ని స్కాలర్ ప్రచురించకపోతే డిగ్రీ రాదు. గైడే యజమాని అయినచోట ఆ స్కాలర్ కాదనడం కష్టం.

డబ్బు వైపు ఈ మధ్య ఒక మార్పు వచ్చింది. 2025 జులైలో కేంద్ర క్యాబినెట్ లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ పథకానికి ఆమోదం తెలిపింది. ప్రైవేటు రంగ పరిశోధనకు తక్కువ వడ్డీతో దీర్ఘకాలిక అప్పులు ఇవ్వడం దాని ఉద్దేశం. టీఆర్ఎల్ నాలుగు, ఆపైన ఉన్న పనులకే అది వర్తిస్తుంది. యూనివర్సిటీ గ్రాంటుతో నడిచే కాయిన్ సెల్ మూడో మెట్టు దగ్గర ఆగుతుంది. మూడు నుంచి నాలుగుకు వెళ్లాలంటే అరచేతి వెడల్పున చదునైన సంచిలా ఉండే పౌచ్ సెల్స్ చేయాలి. దానికి వందల గ్రాముల పొడి, మందంగా పూసే కోటింగ్ మెషీన్, తేమ లేని డ్రై రూమ్, 14 నెలలు కదపకుండా వదిలేయగల సైక్లర్ ఛానళ్లు కావాలి. రెండేళ్ల గ్రాంటు దరఖాస్తులో ఇవి పట్టవు, అప్పు ఇచ్చే పథకం ఇవి అయిపోయాకే మొదలవుతుంది.